ట్యూబులైట్ల రసీదు

తొండుపల్లి,
8-12-2012, శనివారం.

చిరంజీవి మాధవికి,

మీ బాపు నీ తల మీద చెయ్యి పెట్టి దీవించి రాస్తున్నాడనుకో. ఇక్కడ నేను, అమ్మ, నానమ్మ, పది రోజుల కిందట పుట్టిన దూడతో సహా అందరం కులాసా. హాస్టల్లో నువ్వు కూడా వేళకు తింటూ, కంటినిండా నిద్రపోతూ ఆరోగ్యంగా ఉన్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం దీపావళి మర్నాడు అందింది. నెల కావస్తున్నా జవాబు రాయలేదని అమ్మ రోజూ అంటూనే ఉంది. ఆదివారం నువ్వు హాస్టలు నుంచి ఫోను చేసినప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకుని ఫోను అమ్మ చేతికిచ్చాను. అది నీకు అర్థమయ్యే ఉంటుంది. నీ మీద కోపమేమీ లేదు, తల్లీ. కారణం వేరే ఉంది. అది కూడా ఈ ఉత్తరంలోనే చెబుతాను. ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు.

బర్రె ఈనింది. ఆడదూడ. నుదుటి మీద రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ. నానమ్మ దానికి నీ పేరు పెడతానని కూర్చుంది. "పిల్ల కాలేజి నుంచి వస్తే ఎవల్ని పిలుస్తున్నవో ఎట్ల తెలుస్తది అత్తమ్మా?" అని అమ్మ గట్టిగా అన్నాక మానుకుంది. నానమ్మ మోకాలికి డాక్టరు ఇచ్చిన మాత్రలు తెచ్చాను. పొద్దున తొమ్మిదింటికి వేసుకోమంటే, "పెద్ద విమానం పోయినంక ఏసుకుంట" అంటుంది. ఆమెకు గడియారం అక్కర్లేదు. ఇంటి మీదుగా పోయే ఆ పెద్ద విమానం ఆలస్యమైన రోజు మాత్రకూ ఆలస్యమే.

స్వెటరు శంషాబాద్ బస్టాండు దగ్గర నేపాలీ వాళ్ళ దగ్గర మీ అమ్మే బేరమాడి కొన్నది. నువ్వు చెప్పిన నీలం రంగు దొరకలేదు. మెరూన్ పంపుతున్నాం. దాంతోపాటు పల్లిపట్టీల డబ్బా కూడా ఉంది, గదిలో పిల్లలందరికీ పెట్టు. లెక్కల్లో మార్కులు తగ్గాయని అంత దిగులుగా రాశావెందుకు? తప్పు ఎక్కడ చేశావో నువ్వే కనిపెట్టి రాశావు కదా, నాకు అది చాలు.

ఇక ట్యూబులైట్ల సంగతి. సైన్సు ఎగ్జిబిషన్ కోసం మా గోదాము నుంచి రసీదు తెప్పించమని మీ కెమిస్ట్రీ మేడమ్ అన్నారని రాశావు. దీంతో జతచేశాను. పాడైన ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు రీసైక్లింగు కంపెనీ వాళ్ళు ఎన్ని తీసుకున్నారో, ఎక్కడికి తీసుకుపోయారో అందులో ఉంది. తేదీ మాత్రం మొన్న గురువారంది. అంతకు ముందు రసీదు ఎందుకు లేదన్నది చివర్లో రాస్తాను. ముందు ఇది ఎలా చేతికొచ్చిందో విను.

దీపావళి సెలవు అయ్యాక మా గోదాములో పాత లైట్లు విప్పి ఎల్ఈడీలు బిగించే పని మొదలైంది. ఎలక్ట్రీషియన్‌ని నేనొక్కణ్ణే కాబట్టి విప్పే పనంతా నాదే. విప్పిన ట్యూబులను పాతికేసి చొప్పున కట్టలు కట్టి, సరుకు దించే అరుగు పక్కన నిలబెట్టాను. రెండో రోజు పొద్దున హమాలీ కుర్మయ్య తోపుడు బండి వెనక్కి లాగుతూ చూసుకోలేదు. బండి చక్రం తగిలి ఒక కట్ట పడింది. పాతిక ట్యూబులూ పటాకుల్లా పేలాయి. తెల్లటి పొడి మోకాలి ఎత్తున లేచింది.

ఊడ్చే సత్తెమ్మ ఎప్పటిలాగే చీపురు పట్టుకుని వచ్చేసింది. నేను నిచ్చెన మీద నుంచి అరిచాను.

"ఆగు సత్తెక్కా! చీపురు పెట్టకు!"

ఆమె బిత్తరపోయి చూసింది. కుర్మయ్య నవ్వాడు. "ఏం గాలేదన్నా, గాజే గద. ఊడిస్తె పోతది."

నా అరుపుకు మేనేజరు వీరరాఘవులు గారు గదిలోంచి వచ్చారు. కాకినాడ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆయన మాటతీరు ఏమీ మారలేదు, ఎంత చిన్నవాణ్ణయినా 'మీరు' అనే అంటారు.

"ఏమైందండీ మల్లేశ్వర్ గారూ? ఎవరికైనా తగిలిందా?"

"తగల్లేదు సార్. కానీ అందరం బయటికి పోవాలె. దీంట్ల పాదరసం ఉంటది."

బయటికి పోవాలన్నది గుర్తుంది గాని ఆ తర్వాత ఏం చేయాలో గుర్తు రాలేదు. నీ ఉత్తరం ముందురోజే వచ్చింది, చొక్కా జేబులోనే ఉంది. ఫ్యాన్లు ఆపి, షట్టర్లు రెండూ పైకెత్తి, అందరినీ ఎండలోకి తీసుకుపోయి అక్కడ నిలబడి నీ ఉత్తరం తీశాను. వీరరాఘవులు గారు, "పైకి చదవండి, అందరూ వింటారు" అన్నారు. హమాలీలు ఆరుగురు, సత్తెక్క, మేనేజరు. వాళ్ళందరి ముందు నా బిడ్డ రాసింది చదివాను.

"బాపూ, ట్యూబులైటు పగిలితే ముందు మనుషుల్ని చూసుకో, గాజు సంగతి తర్వాత. అందరూ బయటికి పోయి, తలుపులు తెరిచి పావుగంట ఆగాలి. ఊడవద్దు, ఊడిస్తే పొడి, ఆవిరి గాలిలోకి లేస్తాయి. ముక్కల్ని అట్టముక్కతో ఎత్తి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేయాలి. సన్నటి పొడిని అంటుకునే టేపుతో అద్ది తీయాలి. ఆఖర్న తడి కాగితంతో తుడిచి, ఆ కాగితం కూడా అదే డబ్బాలో వేసి మూత పెట్టాలి. చేతులు సబ్బుతో కడుక్కో."

పావుగంట కాదు, అరగంట ఆగాం. తర్వాత నేను, కుర్మయ్య ముఖాలకు తువ్వాళ్ళు, చేతులకు కవర్లు కట్టుకుని వంగి మొత్తం అట్టముక్కలతో ఎత్తాం. ముక్కలకు ఖాళీ పెయింటు డబ్బాలు సరిపోయాయి. టేపు ముక్కలు వేయడానికి మూత గట్టిగా ఉన్నది ఏదీ దొరక్కపోతే వీరరాఘవులు గారు తన భోజనం బల్ల మీది ఆవకాయ సీసా ఖాళీ చేసి, కడిగి తెచ్చారు.

"ఇది మళ్ళీ ఆవకాయకు పనికిరాదు కదండీ?"

"రాదు సార్."

"మా కావేరి తిడుతుంది. సరే, కానివ్వండి." కావేరి గారంటే ఆయన భార్య.

ఆ రోజు మధ్యాహ్నమే ఆయన నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టుకున్నారు. ఇలాంటివి తీసుకోవడానికి అనుమతి ఉన్న కంపెనీ పటాన్‌చెరు వైపు ఒకటి దొరికింది. ఫోను చేస్తే, బండి నిండా సరుకుంటేనే వస్తామన్నారు. మా దగ్గర ఉన్నవి ఏడు వందలు. బండిలో మూల కూడా నిండదు.

అప్పుడు నేనూ సత్తెక్కా శంషాబాద్ అంతా తిరిగాం. విమానాశ్రయం దారిలోని హోటళ్ళు, పక్క గోదాములు, రెండు ఫంక్షన్ హాళ్ళు. ఎక్కడికి పోయినా పాత ట్యూబులు మెట్ల కిందో, మేడ మీదో దుమ్ము పట్టి ఉన్నాయి. పారేయడానికి చోటు లేక దాచినవే అన్నీ. ఒక ఫంక్షన్ హాలు చూసుకునే ఐలయ్య మమ్మల్ని చూసి దేవుళ్ళు వచ్చినట్టు సంబరపడ్డాడు.

"పాత లైట్లా? మస్తుగున్నయి. నాలుగేండ్ల సంది పెండ్లి పెండ్లికీ మాడినయన్నీ గా రూములనే ఏసినం. తీస్కపోండ్రి, జాగ ఖాళీ అయితది."

సత్తెక్క కట్టలు కట్టిన తీరు నువ్వు చూడాల్సింది. ట్యూబుకు ట్యూబుకు మధ్య పాత పేపరు మడత, చివర్లకు అట్ట, చుట్టూ సుతిలి తాడు. రెండు వారాల్లో రెండు వేల పైచిలుకు ట్యూబులు ఆమె చేతుల మీదుగా వచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. వీరరాఘవులు గారు గోదాములో మూల గది ఒకటి ఇచ్చి, తాళం చెవి ఆమెకే ఇచ్చారు. ఇప్పుడు ఆ గదికి తోడు ఆమెకు జీతం కూడా కొంచెం పెంచారు. ఇకనుంచి ఏ హోటలు వాళ్ళు తెచ్చినా సత్తెక్క చూసి, పుస్తకంలో రాయించుకుని లోపల పెట్టాల్సిందే.

గురువారం బండి వచ్చింది. ఆ కంపెనీ వాళ్ళను అడిగి నేనూ సత్తెక్కా కూడా బండి వెంట పోయాం. అక్కడ మూసేసిన పెద్ద పెట్టె లాంటి యంత్రంలోకి ట్యూబులు ఒక్కొక్కటే జారిపోతాయి. లోపలే పగులుతాయి. గాలి బయటికి రాకుండా లోపలికి లాగేసుకుంటుంది. ఒక పక్క గాజు, ఒక పక్క అల్యూమినియం మూతలు, ఇంకో పక్క పొడి. ఆ పొడిని వేడి చేసి పాదరసం తీస్తారట. గాజు మళ్ళీ గాజుకే, అల్యూమినియం మళ్ళీ అల్యూమినియానికే పోతుందని చెప్పారు. ఏదీ మట్టిలోకి పోదు.

అక్కడి సూపర్‌వైజరు మూత సీలు వేసిన చిన్న సీసా ఒకటి తెచ్చి మా చేతిలో పెట్టాడు. బొటనవేలంత సీసా. సత్తెక్క చెయ్యి కిందికి జారింది.

"ఇంత బరువుందేంది తమ్మీ! సూస్తె నీళ్ళ లెక్క ఉన్నది."

ఎన్నో వేల ట్యూబులు కలిస్తే అంత పాదరసం వచ్చిందట. ఆమె ఆ సీసాను రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా సూపర్‌వైజరుకు తిరిగి ఇచ్చింది.

మాధవీ, ఇంతవరకూ రాసింది చదివి నీకు సంతోషంగా ఉంటుంది. ఇప్పుడు రాయబోయేది చదివితే అలా ఉండదు. అయినా రాయాలి.

దసరా సెలవులయ్యి వెళ్ళిన వారానికే నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం గుర్తుందా? "బాపూ, మీ గోదాములో మాడిపోయిన ట్యూబులైట్లు ఏం చేస్తారు?" అని అడిగావు. అందులో ఏముంటుందో, అది ఎంత చెడుపు చేస్తుందో రాశావు. నేను వెంటనే జవాబు రాశాను. "మా దగ్గర అన్నీ పద్ధతి ప్రకారం రీసైక్లింగు కంపెనీకి పంపిస్తాం, నువ్వు ఆ దిగులు పెట్టుకోకు" అని.

అది అబద్ధం. ఒక్క ట్యూబు కూడా ఎక్కడికీ పంపలేదు. నాలుగేళ్ళుగా గోదాము వెనక గోడ అవతల గుంత తీసి, అందులో వేసి పగలగొట్టి మట్టి కప్పుతున్నాం. గుంత తవ్వించింది నేనే. మిగిలినవి సత్తెక్క ఇంటికి తీసుకుపోయేది. చివర్ల అల్యూమినియం మూతలు ఊడదీసి అమ్ముకునేది. ఆమెకు తీసుకుపొమ్మని ఇచ్చిందీ నేనే. పేదరాలికి సాయం చేస్తున్నాననుకున్నాను.

నాకు తెలియక చేశానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ట్యూబులైటు వెలగడానికి లోపల పాదరసం ఉండాలని ఐటీఐలో మా సారు చెప్పారు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే రాసి పాసయ్యాను కూడా. అది వెలిగేటప్పుడు గుర్తుంది, మాడిపోయాక గుర్తు లేదు. నువ్వు అడిగిన రోజు, "మేం పాతిపెడుతున్నాం బిడ్డా" అని రాయడానికి చెయ్యి రాలేదు. నా బిడ్డ ముందు నేను మంచివాడిగా కనబడాలి. అంతే. ఇంకే కారణమూ లేదు.

ఆ ట్యూబులు పగిలిన రోజు సంగతి కూడా నీకు పూర్తిగా రాయలేదు. నీ ఉత్తరం చదువుతూ ఒక చోట ఆగిపోయాను. "కడుపుతో ఉన్నవాళ్ళకు, పసిపిల్లలకు ఇది మరీ చెడు" అని రాశావే, అక్కడ. సత్తెక్క కోడలు యాదమ్మకు ఆరో నెల. నేను తలెత్తి చూసేసరికి సత్తెక్క నన్నే చూస్తోంది.

"మల్ల సదువు తమ్మీ," అంది.

వీరరాఘవులు గారు నా చేతిలోంచి కాగితం తీసుకుని ఆ వాక్యం మళ్ళీ చదివారు. అక్కడితో ఆగకుండా కింది వరసలు కూడా చదివేశారు. "బాపూ, మీ గోదాములో అన్నీ రీసైక్లింగుకు పంపిస్తారని నువ్వు రాసిన జవాబు క్లాసులో చదివి వినిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ నీ పేరు చార్టు మీద రాయించారు. మాకు ఇంత మంచి ఉదాహరణ ఇంకెక్కడా దొరకలేదన్నారు."

చదవడం ఆపి ఆయన కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశారు.

"మనం ఎక్కడికి పంపుతున్నామండీ?"

జవాబు సత్తెక్క చెప్పింది.

"నా ఇంటికే సార్. సగం నా ఇంటికి, సగం గోడెన్క గుంతకు." తర్వాత నా వైపు తిరిగి, "ఏంది తమ్మీ, సదువుకుంటున్న బిడ్డకు గిట్ల రాసినవా?" అంది. తిట్టినా బాగుండేది. చీపురు అక్కడే వదిలేసి ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

పొడి ఎత్తే పని అయ్యాక నేను ఆమె ఇంటికి పోయాను. అప్పటికే వాకిట్లో ఉన్న ట్యూబులన్నీ పగలకుండా గోతాంలో పెట్టి వీధి చివరకు చేర్చింది. యాదమ్మ గడపలో కూర్చుని ఏడుస్తోంది. మూతలు ఊడదీయడం కూర్చుని చేసే పనే కదా అని ఆ పిల్లే చేసేదట, రెండు నెలలుగా. మర్నాడు అమ్మ కూడా తోడు వచ్చింది, అందరం దవాఖానకు పోయాం. డాక్టరమ్మతో జరిగింది దాచకుండా చెప్పాను. రక్తం, మూత్రం పరీక్షలు చేయించారు. ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు, మీ అమ్మకు తెలుసు. ఆ నాలుగు రోజులూ సత్తెక్క నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఐదో రోజు, "అన్నీ మంచిగనే ఉన్నయి, ఇంక ఆ పని దగ్గరికి పోకు" అని డాక్టరమ్మ చెప్పారు. బయటికి రాగానే సత్తెక్క నా వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచి, "పోదాం పా తమ్మీ, ఎక్కడెక్కడున్నయో గన్నీ ఏరుకొద్దాం" అంది. శంషాబాద్‌లో మా తిరుగుడు మొదలైంది అలా.

గుంత సంగతి కూడా వీరరాఘవులు గారికి అంతా చెప్పాను. ఉద్యోగం పోతుందనుకునే చెప్పాను. ఆయన, "తప్పు మీ ఒక్కరిదే కాదండీ. నాలుగేళ్ళలో నేను ఒక్కసారైనా అడగలేదు" అన్నారు. పటాన్‌చెరు కంపెనీ వాళ్ళే మనుషుల్ని పంపి, ఆ మట్టిని డ్రముల్లోకి ఎత్తించి సీలు వేసి తీసుకుపోయారు. గుంతకు దగ్గరలోనే హమాలీలు నీళ్ళు తాగే బోరు ఉంది. దాన్ని ఆపించి, నీళ్ళు పరీక్షకు పంపాం. ఫలితం వచ్చేవరకు ట్యాంకరు నీళ్ళు తాగాం. నిన్న కాగితం వచ్చింది. నీళ్ళలో ఏమీ లేదు. కుర్మయ్య ముందుగా ఒక చెంబెడు తాగి, "ఇగ తాగుండ్రి" అన్నాడు.

నిన్న ఇంటికొచ్చి అమ్మతో, ఈ ఆదివారం ఫోనులో నీతో మాట్లాడతానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "ఫోన్ల వద్దు. ఫోన్ల అయితె నవ్వి దాటేస్తవు. కూసొని చేత్తోని రాయి" అంది. అందుకే ఈ ఉత్తరం. ఈ నెల రోజుల్లో ఇవాళే నాకు అన్నం రుచిగా తోచింది.

నువ్వు క్లాసులో నిలబడి నా మాట చదివావు. అది నిజం కాదని ఇప్పుడు నీకు తెలుసు. ఆ బరువు నీ మీద పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇరవై రెండో తేదీ ఎగ్జిబిషన్ కదా. వీరరాఘవులు గారిని సెలవు అడిగాను, ఇచ్చారు. సత్తెక్క కూడా వస్తానంది. మీ మేడమ్ గారికి ఈ ఉత్తరం చూపించు. ఆవిడ ఒప్పుకుంటే, మీ చార్టు పక్కన నిలబడి వచ్చిన వాళ్ళందరికీ నేనే చెబుతాను. ముందు గుంత సంగతి, తర్వాత రసీదు సంగతి. కట్టలు ఎలా కట్టాలో సత్తెక్క చేసి చూపిస్తుంది.

ఒక్కటే అడుగుతున్నాను, తల్లీ. నేను మాట్లాడేటప్పుడు నువ్వు ఎదురుగా నిలబడవద్దు. కొంచెం వెనక్కి, నీ స్నేహితుల మధ్యలో ఎక్కడైనా ఉండు. నీ ముఖం కనబడితే నాకు మాట రాదు.

ఇట్లు,
నీ రాక కోసం కాక, ఈసారి తానే నీ దగ్గరికి రావడానికి రోజులు లెక్కపెట్టుకుంటున్న
నీ బాపు,
మల్లేశ్వర్